ఫ్యాన్ ఆపి వినండి

పోయినవారం మాగాయ గురించి రాసిన దగ్గర్నుంచీ ఉత్తరాలన్నీ టెంకల మీదే. వాటి సంగతి వచ్చేవారం చూద్దాం. వాటి మధ్యలో ఒక్క ఉత్తరం మాత్రం వేరే రకంగా ఉంది. కాకినాడ నుంచి ఓ సోదరి రాశారు. వాళ్ళింట్లో యాంప్లిఫయరు, స్పీకర్లు నిక్షేపంలా ఉన్నాయట. డబ్బాల కొద్దీ సీడీలున్నాయట. ప్లేయరే పోయింది. ఎవరో వాడినది ఒకటి కొంటే పాట కంటే ముందు దాని గరగర వినిపిస్తోందట. "చప్పుడు చెయ్యని పాత ప్లేయరు ఎంచుకోవడం ఎలాగండీ? వంటలు రాసే ఆవిడని ఈ ప్రశ్న అడుగుతున్నానని నవ్వకండేం" అని రాశారు.

నవ్వడమా! కిందటేడాది నాలుగు నెలలపాటు నేను పడిన పాట్లే అవి. అందుకే ఈ వారం పోపుల డబ్బా పక్కన పెట్టి ఇదే రాస్తున్నాను.

మా అత్తగారు తెనాలిలో జారిపడ్డాక ఒంటరిగా ఉండనివ్వలేక హైదరాబాదు తీసుకొచ్చేశాం. ఆవిడతోపాటు ఓ ట్రంకుపెట్టె వచ్చింది. అందులో చీరలు నాలుగే. మిగతావన్నీ సీడీలు. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత, బాలమురళిగారివి ఓ కట్ట. అన్నిటికంటే పైన, తువ్వాలులో చుట్టి, ఒకే ఒక్క డిస్కు. మా మావయ్యగారిది. ఆయన స్కూల్లో లెక్కలు చెప్పేవారు, సాయంత్రాలు హార్మోనియం ముందేసుకుని రాయబారం పద్యాలు పాడేవారు. 1991లో టూ ఇన్ వన్ మీద కేసెట్టులోకి ఎక్కించుకున్నారు. 2003లో మా ఆడపడుచు కొడుకు దాన్ని సీడీ చేసిచ్చి, పైన తాతగారి ఫొటో వేసిన కాగితం గుండ్రంగా కత్తిరించి అంటించాడు. ఆ కేసెట్టు తర్వాత ఏమైందో ఎవరికీ తెలీదు. మావయ్యగారు 2009లో పోయారు.

అత్తయ్యగారికి నాలుగింటికే మెలకువ వస్తుంది. ఆ వేళప్పుడు, ఎవరినీ లేపకుండా, చిన్న సౌండులో వినాలి. ఫోనులో ఎక్కించి ఇస్తామన్నాడు మావాడు. "దాని మీద వేలు ఎక్కడ పెడితే ఏమొస్తుందో నాకు తెలీదురా. పళ్ళెం బయటికొస్తుంది, డిస్కు పెడతాను, లోపలికి తోస్తాను. అదైతే చీకట్లో కూడా చెయ్యగలను" అందావిడ. చూపు సరిగా ఆనదు మరి. మావారు 1997లో కొన్న యాంప్లిఫయరూ, స్పీకర్లూ అటక మీద ఉన్నాయి. దించి దులిపితే పలికాయి. ఇక కావలసింది ప్లేయరు. పెద్ద షాపులో అడిగితే ఆ కుర్రాడు నేనేదో తిరగలి అడిగినట్టు చూశాడు.

సరే, ఇంట్లో డీవీడీ ప్లేయరుంది కదా అని అదే తగిలించాం. సీడీలు పాడింది, కాదనను. కానీ ఎన్నో పాటలో ఉన్నామో చూడాలంటే టీవీ వెయ్యాలి. పైగా లోపల మిక్సీలా జుయ్యిమంది. అన్ని డీవీడీ ప్లేయర్లూ ఇలాగే ఉంటాయనను గానీ, డీవీడీ తిరగాల్సిన వేగం సీడీకి దాదాపు మూడింతలు. ఆ పరుగుకి పెట్టిన మోటారు కొన్నిటిలో సీడీని కూడా గట్టిగానే తిప్పుతుంది. కంప్యూటరు డ్రైవు సంగతి మరీనూ, నిమిషానికి వేల చుట్లు. అందుకే దాంట్లో సీడీ పెడితే ఒక్కోసారి బల్ల కూడా వణుకుతుంది.

తర్వాత న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు తన పాత ప్లేయరు ఎవరో వస్తుంటే ఇచ్చి పంపింది. మంచి వస్తువే. కానీ అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్గు పెడితే ఆ పూటతో దాని ఆయుష్షు సరి. మధ్యలో ఓల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టాం. ప్లేయరు నోరెత్తలేదు, ఆ ట్రాన్స్‌ఫార్మరే తుమ్మెదలా ఒకటే రొద. జపాను నుంచి వచ్చిన వాటిదీ ఇదే గొడవ, వాళ్ళవి 100 వోల్టులు. అమ్మేవాళ్ళు "ఫారిన్ పీసమ్మా" అంటారు. మీరు మాత్రం వెనక్కి తిప్పి అక్కడ రాసిన అంకె చదవండి. 220, 230, 240లలో ఏది కనబడినా మనకి సరిపోతుంది. కొన్నిటికి వెనకాల 110, 220 మార్చుకునే మీట ఉంటుంది, అది కూడా మంచిదే.

మూడోసారి నేనే వెళ్ళి ఆదివారం సంతలో 900 పెట్టి ఒకటి కొన్నాను. అక్కడ పెట్టి చూపించాడు, పాడింది. ఆటోల హారన్లు, బేరాలు, పక్కన ఎవడిదో డీజే పాట. ఆ గోలలో ఏ ప్లేయరైనా నిశ్శబ్దంగానే ఉంటుంది తల్లీ! ఇంటికి తెచ్చి తెల్లవారుజామున ఫ్యాను ఆపి పెడితే కొబ్బరి కోరుతున్న చప్పుడు. పైగా కంపెనీ సీడీలు పాడింది గానీ మావయ్యగారి డిస్కు పెడితే "నో డిస్క్" అంది. అత్తయ్యగారు ఏమీ అనలేదు. డిస్కు మళ్ళీ తువ్వాలులో చుట్టుకుని లోపలికెళ్ళిపోయారు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో ఓ పెద్దాయన దగ్గరికి ఎవరో పంపించారు. నలభై ఏళ్ళుగా రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేస్తున్న మనిషి. నా 900 రూపాయల పెట్టె మూత విప్పి నాకు పాఠం చెప్పాడు. ఆయన చెప్పినదీ, తర్వాత నాకు అనుభవంలో తెలిసినదీ కలిపి రాస్తున్నాను.

చప్పుడు అని మనం అన్నింటినీ ఒకే గాట కట్టేస్తాం గానీ, పెట్టెలోంచి వచ్చేది వేరు, స్పీకర్లలోంచి వచ్చేది వేరు. ముందు అది తేల్చుకోవాలి. డిస్కు తిరుగుతుండగా యాంప్లిఫయరు సౌండు పూర్తిగా తగ్గించెయ్యండి. ఇంకా వినిపిస్తుంటే అది పెట్టెదే. ఇప్పుడు స్టాప్ నొక్కండి. గరగర ఆగిపోతే అది తిప్పే మోటారుదో, డిస్కు పట్టుకునే బిళ్ళదో. డిస్కు ఆగాక కూడా సన్నగా "మ్‌మ్" అంటుంటే లోపలి ట్రాన్స్‌ఫార్మరు రేకులు వదులయ్యాయన్నమాట. మోటారుకి, బిళ్ళకి వైద్యం ఉంది. ట్రాన్స్‌ఫార్మరు మూలుగుకి నయమయ్యే ఆశ తక్కువ, దాన్ని వదిలెయ్యండి.

స్పీకర్లలో హమ్మంటే ప్లేయరుని తిట్టే ముందు కేబుల్ టీవీ తీగ పీకి చూడండి. టీవీ కూడా అదే యాంప్లిఫయరుకి కలిపి ఉన్న ఇళ్ళలో ఆ తీగ వల్లే సగం రొదలు వస్తాయి. ప్లేయరుని తీసుకెళ్ళి యాంప్లిఫయరు నెత్తిన పెట్టినా వస్తాయి, ఆ ట్రాన్స్‌ఫార్మరు ఈ తీగల్లోకి తొంగిచూస్తుంది. పక్కపక్కన పెట్టుకోండి. ఇంకోటి, వెనక ఫోనో అని రాసి ఉన్న చోట సీడీ ప్లేయరు తీగ పెట్టకండి. అది పాత రికార్డు ప్లేయరుకి. మావారు ఇంజనీరే, అయినా అక్కడే పెట్టారు. ఇల్లెగిరిపోయినంత పనైంది.

ఇప్పుడు అసలు కిటుకు. గ్రామఫోను రికార్డు బయటి అంచు నుంచి లోపలికి పాడుతుంది కదా. సీడీ దానికి తలకిందులు. లోపలి నుంచి బయటికి పాడుతుంది. లోపల ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరిగి, బయటికి వెళ్ళేకొద్దీ నెమ్మదించి అంచు దగ్గర 200కి వస్తుంది. అంటే మొదటి పాట దగ్గరే చప్పుడు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి గరగర పరీక్షకి మొదటి పాట పెట్టండి. చివరి పాట పరీక్ష వేరే దానికి. లేజరు బండి అంచుదాకా సాఫీగా నడుస్తోందా, ఎక్కడైనా తట్టుకుంటోందా అని చూడ్డానికి. 70 నిమిషాలు దాటిన నిండు సీడీ ఒకటి తీసుకెళ్ళండి. ఒకటో పాట నుంచి ఆఖరి పాటకి, మళ్ళీ ఒకటికి గెంతించండి. గబుక్కున వెళ్ళి పట్టుకోవాలి. టిక్కు టిక్కుమంటూ వెతుక్కుంటుంటే లేజరు అలిసిపోయిందనో, పట్టాలకి రాసిన గ్రీజు గట్టిపడిందనో అర్థం. గ్రీజైతే అరపూట పని. లేజరైతే మాత్రం ఆ మోడలుకి విడిభాగం దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బు తియ్యండి. సోనీ వాళ్ళ కేఎస్ఎస్-213 అనే లేజరు ఎన్నో కంపెనీల ప్లేయర్లలో పెట్టారు, దానికి బదులువి ఇప్పటికీ దొరుకుతాయి. మొట్టమొదటి సోనీ ప్లేయరు జపానులో 1982 అక్టోబరులో వచ్చింది. ఆ తొలి రోజుల వస్తువులు చూడ్డానికి రథాల్లా ముచ్చటగా ఉంటాయి గానీ, భాగాలు దొరక్క షోకేసులో పెట్టుకోవలసి వస్తుంది.

పళ్ళెం సంగతి. అది రావడానికి మొరాయిస్తే భయపడకండి. లోపల రబ్బరు బెల్టు ఉంటుంది, మన మిక్సీ వాషరులాగే ఏళ్ళకి సాగిపోతుంది. ఎక్కువ ఖర్చయ్యే పని కాదు. దీన్ని చూపించి బేరం తగ్గించుకోవచ్చు కూడా!

అయిదు డిస్కులు పట్టే రంగులరాట్నాలు వస్తాయి. పిల్లలకి సరదా. చప్పుడు వద్దనుకునేవాళ్ళు వాటి జోలికి పోవద్దు. ఒక్క డిస్కుది, ఎత్తి చూస్తే కాస్త బరువుగా ఉన్నది, పైమూత మీద వేలితో కొడితే డబ్బా రేకులా మోగనిది తీసుకోండి. సోనీ, ఫిలిప్స్, డెనాన్, మరాంట్జ్, టెక్నిక్స్, యమహా... పేరేదైనా ఒకటే. పేరు కంటే ఆ ఒక్క పీసు ఎవరింట్లో ఎలా బతికిందన్నదే ముఖ్యం. పూజగది పక్కన అగరొత్తుల పొగలో, వంటింటి గుమ్మం దగ్గర పోపు ఘాటులో ఉన్నదైతే కంటికి పొర కమ్మినట్టు దాని అద్దానికి జిడ్డు పొర ఉంటుంది. ఆ అద్దాన్ని మెకానిక్కు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కాస్త తడిపిన దూదిపుల్లతో తుడుస్తాడు. మీరు మూత విప్పి తొంగిచూడకండి. ఆ లేజరు కంటికి కనపడని కాంతి, కంటికి మంచిది కాదు. రిమోటు కూడా అడిగి తీసుకోండి, కొన్నిటికి సగం బొత్తాలు దానిమీదే ఉంటాయి.

ఇక ఇంట్లో రాసుకున్న డిస్కులు. కంపెనీ సీడీ వెండిలా మెరుస్తుంది. మనం రాసుకునేది అడుగున ఆకుపచ్చగానో, నీలంగానో ఉంటుంది, కాస్త తక్కువ మెరుపు. చాలా ప్లేయర్లు చదువుతాయి, అలిసిన లేజరున్నవి చదవలేవు. చెరిపి మళ్ళీ రాసుకునే రకమైతే మెరుపు మరీ తక్కువ, పాత ప్లేయర్లలో చాలామటుకు అసలు ఒప్పుకోవు. ఎంపీ3 డిస్కులు కూడా 1990ల నాటి వాటిలో పాడవు. అందుకని కొనడానికి వెళ్ళేటప్పుడు మీకు ఏది ముఖ్యమో ఆ రకం డిస్కే పట్టుకెళ్ళండి. ఆ డిస్కునే కాదు సుమా, ఆ రకందాన్ని. ప్రాణంలా చూసుకునే డిస్కుని ముక్కూ మొహం తెలియని ప్లేయరులో పెట్టకూడదు.

ఇన్ని పాఠాలు చెప్పించుకుని మల్కాజిగిరిలో ఓ రిటైరైన బ్యాంకు ఆఫీసరుగారింటికి వెళ్ళాను. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. "కాస్త ఫ్యాన్ ఆపుతారా అండీ?" అన్నాను. చెమటలు పట్టేలా అరగంట కూచుని చెవి ఆనించి విన్నాం. మా డబ్బాలోని సీడీలు నాలుగు పెట్టాం. మావాడు రాసిచ్చిన ఇంటి డిస్కు కూడా పాడింది. గోడ గడియారం టిక్కుమనడం వినిపించింది గానీ పెట్టె చప్పుడు లేదు. 3,500 ఇచ్చి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

మర్నాడు నాలుగింటికి అత్తయ్యగారే పళ్ళెంలో మావయ్యగారి డిస్కు పెట్టారు. డబడబడబ! రోట్లో రోకలి పోటులా. పద్యం వస్తోంది గానీ దాని వెనక ఆ దరువు. ఆవిడ మొహం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లారగానే ఆ ఆఫీసరుగారికి ఫోను చేసి, పెద్దమనుషులై ఉండి ఇలా చేస్తారా అని రెండు మాటలు అనేశాను కూడా. ఆయన ఓపికగా విని, "మిగతా డిస్కులకీ వస్తోందామ్మా ఆ చప్పుడు?" అన్నారు. పెట్టి చూద్దును కదా, లేదు! సుప్రభాతానికి లేదు, గీతకి లేదు.

కోఠీ పెద్దాయన డిస్కు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణంలో చెప్పాడు. ఆ ఫొటో కాగితం. ఓ పక్కకి జరిగి అతుక్కుంది, ఓ మూల లేచింది. నిమిషానికి 500 చుట్లు తిరిగే దానికి ఓ పక్క గోరంత బరువు ఎక్కువైనా ఊగుతుంది. బట్టలన్నీ ఓ పక్కకి చేరితే వాషింగ్ మెషీను గెంతుతుంది చూడండి, అలా. నేను సంతలో కొన్నదాన్ని తిట్టాను, డీవీడీని తిట్టాను. సంతది నిజంగానే గరగరలాడింది, అందులో అనుమానం లేదు. కానీ ఈ ఆఫీసరుగారి ప్లేయరు పాపం ఏ తప్పూ చెయ్యలేదు.

"అయితే పీకేద్దాం" అని మావాడు గోరు పెట్టబోయాడు. పెద్దాయన వాడి చెయ్యి పట్టుకున్నాడు. మనమంతా సీడీ అడుగు భాగమే సున్నితం అనుకుంటాం. నిజానికి అడుగున మందపాటి ప్లాస్టిక్ ఉంటుంది. పాట ఉన్న మెరుపు పొర పైన, బొమ్మ ఉన్నవైపే, పల్చటి పూత కింద ఉంటుంది. కాగితం పీకితే ఆ పొర కూడా దాంతో లేచి వస్తుంది. పద్యాలు కాగితానికి అంటుకుని పోతాయన్నమాట. మీ ఇళ్ళలో ఇలాంటివి ఉంటే దయచేసి పీకకండి, బాల్ పెన్నుతో పైన రాయకండి. ముందు కంప్యూటరులోకి నకలు తీసుకోండి. రెండు చోట్ల దాచుకోండి. ఎండ తగిలే కిటికీలో ఇంటి డిస్కులు పెట్టకండి, వాటిలో ఉండేది రంగు పొర, వెలిసిపోతుంది.

మావాడు నకలు తీస్తుంటే పక్కనే కూచున్నాను. కంప్యూటరు ఆగి ఆగి చదివింది. పద్నాలుగు పద్యాల్లో పదమూడు వచ్చాయి. ఆఖరిది, అంచు దగ్గరది, సగంలో ముక్కలు ముక్కలై ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించాడు. రాలేదు. రెండేళ్ళు ముందు చేసి ఉంటే వచ్చేదేమో. ఆ మాట అత్తయ్యగారికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. "ఆ ఒక్కటీ నేను పాడుకుంటాలే" అన్నారావిడ.

ఆఫీసరుగారికి ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. "కాగితం సంగతి నాకూ తెలీదమ్మా" అన్నారాయన.

కొత్త డిస్కు మీద కాగితం లేదు, మధ్యలో చిన్నగా స్కెచ్ పెన్నుతో పేరు మాత్రం రాశాం. ప్లేయరుని టొంకుగా మోగే ప్లైవుడ్ అలమరా మీంచి తీసి రాతి గట్టు మీద పెట్టాం, కింద నాలుగు రబ్బరు బిళ్ళలు. తెల్లవారుజామున నేను కూడా లేచాను. పళ్ళెం లోపలికెళ్ళింది. ఏమీ వినపడలేదు. పని చెయ్యడం లేదేమోనని కంగారు పడ్డాను. అప్పుడు హార్మోనియం శ్రుతి అందుకుంది.

మూడో పద్యానికీ నాలుగో పద్యానికీ మధ్య మావయ్యగారు దగ్గారు. పేజీ తిప్పిన చప్పుడు. ఆ వెనకాల ఎక్కడో దూరంగా, సన్నగా ఓ ఆడగొంతు. ఇన్నేళ్ళుగా మేమెవరం వినలేదు దాన్ని. నేను సౌండు పెంచబోయాను. అత్తయ్యగారు వద్దన్నట్టు చెయ్యి పెట్టారు.

"నేనేనే అమ్మాయ్, వంటింట్లోంచి. కాఫీ చల్లారిపోతోందని పిలుస్తున్నాను" అన్నారు.